ఉద్యోగం మధ్యలో సేవకు పిలుపు వస్తే: ఏ దారి ఎవరికి సరిపోతుంది?

పదేళ్లో పదిహేనేళ్లో ఒక వృత్తిలో చేయి తిరిగాక, "దేవుడు నన్ను సేవకు పిలుస్తున్నాడు" అనిపించేవాళ్లు ప్రతి సంఘంలోనూ ఉంటారు. కొందరికి అది ఏదో ఒక కూడికలో ఒక్కసారిగా గుండెకు తగులుతుంది. ఎక్కువమందికి ఏళ్ల తరబడి లోపల మెల్లగా పెరుగుతుంది. ఒక ఉద్యోగం వదిలి ఇంకోదానిలో చేరినా, జీతం పెరిగినా, ఊరు మారినా ఆ లాగుడు పోదు. చివరికి పాస్టరుగారి దగ్గరకో సంఘ పెద్దల దగ్గరకో వెళ్లి అడిగేది ఒకటే: "ఉద్యోగం మానేయమంటారా?"

ఈ ప్రశ్నకు వెంటనే అవుననో కాదనో చెప్పేయడం అడిగిన మనిషికి అన్యాయం. సేవలోకి దారి ఒక్కటే కాదు. ఉన్న వృత్తిలోనే నిలబడటం ఉంది. సొంతంగా సంపాదించుకుంటూ సంఘపు పని చేయడం ఉంది. పూర్తికాల కాపరిగా వెళ్లడం, ఆసుపత్రిలోనో జైల్లోనో చాప్లెయిన్‌గా, అంటే అక్కడివాళ్లకు తోడుండే సేవకుడిగా, ఉండటం, చేతిలో ఉన్న నైపుణ్యాన్ని ఒక మిషనరీ సంస్థకు ఇవ్వడం, కొంతకాలం సెలవు పెట్టి వెళ్లి తిరిగి రావడం, ఇవన్నీ ఉన్నాయి. వీటిలో ఒకటి పరిశుద్ధమైనదీ మిగతావి రాజీపడటమూ అనే లెక్క బైబిల్లో నాకు ఎక్కడా కనిపించదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వేరే వృత్తి నుంచి వచ్చేవాళ్లలో ఎక్కువమందికి, మొదట సంపాదించుకుంటూ సేవ చేయడం, ఆ తర్వాత సంఘమే "ఇక మీరు మాకు పూర్తిగా కావాలి" అన్నప్పుడు ఉద్యోగం వదలడం మంచిది. మినహాయింపులు ఉన్నాయి, వాటి సంగతి కూడా చూద్దాం.

ముందు తేల్చుకోవాల్సింది: ఇది పిలుపా, విసుగా?

ఉద్యోగం మీద విసుగు చాలాసార్లు పిలుపు గొంతుతోనే మాట్లాడుతుంది. పై అధికారితో పడదు, రావలసిన ప్రమోషన్ రాదు, ఒళ్లు అలిసిపోయి ఉంటుంది. అప్పుడు "ఇదంతా వదిలేసి ప్రభువు పని చేసుకుంటాను" అనుకుంటే ప్రాణం తేలికపడుతుంది. విసుగు రావడం పాపం కాదు, దేవుడు దాన్ని వాడుకోడనీ కాదు. కానీ సంఘంలోనూ పడని మనుషులు ఉంటారు, గుర్తింపు దొరకని రోజులు ఉంటాయి, అలసట ఆఫీసులో కంటే ఎక్కువే ఉంటుంది. అందుకే ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. రేపు పొద్దున మీ ఉద్యోగంలో బాధపెట్టే విషయాలన్నీ సర్దుకున్నాయనుకోండి. మంచి అధికారి వచ్చాడు, జీతం పెరిగింది, పని తగ్గింది. అప్పటికీ మనసు సేవ వైపే లాగుతోందా? లాగుతుంటే ఆ మాట నమ్మి ముందుకు వెళ్లొచ్చు. లాగుడు చల్లారిపోతే మీకు కావాల్సింది వేరే ఉద్యోగం కావచ్చు.

తర్వాత జెస్యూట్ సభను స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలా మొదట సైనికుడు. 1521లో పాంప్లోనా కోట యుద్ధంలో ఫిరంగి గుండు తగిలి కాలు విరిగింది. నెలల తరబడి మంచం మీద ఉన్నప్పుడు తన మనసునే తాను గమనించుకున్నాడు. రాచకొలువు, వీరగాథల ఊహలు వస్తున్నంతసేపు హాయిగా ఉండి, పోగానే లోపల పొడిబారినట్టు అనిపించేది. క్రీస్తు కోసం బతకాలన్న ఊహలు పోయాక కూడా సంతోషం నిలిచేది. ఆ అనుభవంలోంచే ఆయన తర్వాత ఒక నియమం రాశాడు: మనసు చీకటిగా, ఎండిపోయి ఉన్నప్పుడు, అంతకుముందు వెలుగులో చేసుకున్న నిర్ణయాన్ని మార్చకూడదు. మన భాషలో చెప్పాలంటే, ఆఫీసులో గొడవపడి వచ్చిన రాత్రి రాజీనామా రాయొద్దు. అలాగే కూడికలో కన్నీళ్లు పెట్టుకున్న రాత్రి కూడా రాయొద్దు. పారసీక రాజుకు గిన్నె అందించే ఉద్యోగి నెహెమ్యాను చూడండి. యెరూషలేము గోడల సంగతి కిస్లేవు నెలలో విని ఏడ్చాడు, ఉపవాసం ఉన్నాడు. రాజు దగ్గర నోరు విప్పింది నీసానులో, అంటే దాదాపు నాలుగు నెలల తర్వాత. ఆ నాలుగు నెలలూ ఆయన ఉద్యోగం మానలేదు, గిన్నె అందిస్తూనే ఉన్నాడు.

రెండో పరీక్ష మీ చేతిలో లేదు. సంఘ సంస్కర్త జాన్ కాల్విన్ సేవకుడి పిలుపు గురించి చెబుతూ, హృదయంలో దేవుని ముందు కలిగే నిశ్చయం ఒకటి, సంఘం బహిరంగంగా ఇచ్చే పిలుపు ఒకటి అని రెంటినీ వేరుచేశాడు. అంతియొకయలో జరిగిందీ అదే. పౌలుకు దమస్కు దారిలో ఏ దర్శనం కలిగినా, ఆ ప్రయాణానికి ఆయన్నీ బర్నబానూ ప్రత్యేకపరచి చేతులుంచి పంపింది ఉపవాసముండి ప్రార్థించిన సంఘం. అపొస్తలుల కార్యములు 13వ అధ్యాయం నింపాదిగా చదవండి. మీ పిలుపు గురించి మీకు తప్ప ఇంకెవరికీ ఏమీ అనిపించకపోతే ఆగాల్సిందే.

సంఘం ఈ పరీక్ష ఎలా పెట్టాలి? చాలాచోట్ల ఒక ఆదివారం ప్రసంగం ఇచ్చి చూస్తారు. నేనైతే ప్రసంగం చివర పెడతాను. మొదట మంచం పట్టిన ఒక పెద్దామె ఇంటికి వారం వారం వెళ్లి రమ్మంటాను. గదిలో మందుల వాసన. కొడుకు ఫోన్ చేయలేదన్న సంగతి పోయిన వారం చెప్పిందే మళ్లీ మొదటి నుంచి చెబుతుంది. మీరు మధ్యలో వాక్యం ఎత్తబోతే ఆపి, పాత ఇంటి సంగతి అందుకుంటుంది. చివరికి 23వ కీర్తన చదవడం మొదలుపెడితే ఆమె పెదాలు కదుపుతూ మీకంటే ముందే ముగించేస్తుంది. ఎవరూ చూడరు, ఎవరూ ఆమేన్ అనరు. నెలలు గడిచాక కూడా ఆ ఇంటికి వెళ్లాలని మనసుకు ఉందా? ఉంటే అది కాపరి హృదయం. ఆ పని బరువుగా అనిపించి, అదే సమయంలో వాక్యం విప్పి చెప్పడంలో ప్రాణం లేచివస్తుంటే మీకున్నది బోధించే వరం కావచ్చు, దానికి వేరే దారి ఉంది. ఆమె బిల్లులు చూసి పెట్టడం, మందులు తెప్పించడం, కొడుకుతో మాట్లాడి సర్దిపెట్టడం మీద మీ మనసు పోతే అది పరిచర్య వరం. జనం మీ దగ్గరకు దేనికోసం వస్తున్నారో చూసుకుంటే చాలావరకు దారి తెలుస్తుంది.

ఉన్నచోటే ఉండటమా, బయటికి రావడమా?

ఈ ప్రశ్నకు ఒకే మనిషి జీవితంలో రెండు జవాబులూ కనిపిస్తాయి. ఆయన జాన్ న్యూటన్. బానిసలను మోసుకెళ్లే ఓడలకు కెప్టెన్‌గా పనిచేసినవాడు. 1748లో తుఫానులో చిక్కుకున్నప్పుడు దేవునికి మొరపెట్టాడు గానీ, ఆ వ్యాపారం వెంటనే మానలేదు. 1754లో అనారోగ్యంతో సముద్రం విడిచి, మరుసటి ఏడు లివర్‌పూల్ రేవులో సుంకాల అధికారిగా చేరాడు. ఆ ఉద్యోగంలో ఉండగానే గ్రీకు, హెబ్రీ నేర్చుకున్నాడు, ఇళ్లల్లో కూడికలు పెట్టాడు. 1758 నుంచి సంఘ సేవకుడిగా అభిషేకం కోసం ప్రయత్నిస్తే తిరస్కారాలే ఎదురయ్యాయి. 1764లో గానీ ఓల్నీ అనే చిన్న ఊళ్లో సంఘం దొరకలేదు. అంటే పిలుపు గట్టిపడ్డాక కూడా దాదాపు ఆరేళ్లు సుంకాల పనిలోనే ఉన్నాడు.

ఇరవై ఏళ్ల తర్వాత కథ తిరగబడింది. 1785 డిసెంబరులో విలియం విల్బర్‌ఫోర్స్ అనే 26 ఏళ్ల పార్లమెంటు సభ్యుడు, కొత్తగా మారుమనస్సు పొందినవాడు, లండన్‌లో న్యూటన్‌ను కలవడానికి వెళ్లాడు. ఎవరైనా చూస్తారేమోనన్న జంకుతో ఇంటి ముందు ఒకటి రెండు చుట్లు తిరిగి గానీ తలుపు తట్టలేదు. రాజకీయాలు వదిలి సేవలోకి వెళ్లాలా అన్నది ఆయన్ని నలిపేస్తున్న ప్రశ్న. తాను ఉద్యోగం వదిలి సేవకుడైన న్యూటన్, ఈ యువకుడిని మాత్రం పార్లమెంటులోనే ఉండమన్నాడు. విల్బర్‌ఫోర్స్ ఉండిపోయాడు. 1807లో బానిస వ్యాపారాన్ని నిషేధించే చట్టం వచ్చింది. ఒకప్పుడు ఆ వ్యాపారమే చేసిన న్యూటన్ ఆ చట్టం చూసి, అదే ఏడాది చివర్లో కన్నుమూశాడు.

న్యూటన్ ఓల్నీ వెళ్లకపోతే ఆ ఊళ్లో పేదలకు అలాంటి కాపరి దొరికేవాడు కాదు. విల్బర్‌ఫోర్స్ పార్లమెంటు వదిలితే ఆ బిల్లును ఏళ్ల తరబడి పట్టు వదలకుండా మోసే మనిషి ఉండేవాడు కాదు. కాబట్టి ఉండాలా వెళ్లాలా అని తేల్చుకునేటప్పుడు ఈ ప్రశ్న వేసుకోండి: నేను ఇక్కడి నుంచి లేచిపోతే, ఈ కుర్చీలోంచి మాత్రమే జరిగే మంచి ఏదైనా ఆగిపోతుందా? జడ్జికి, బడి ప్రధానోపాధ్యాయురాలికి, విధానాలు రాసే అధికారికి, ఏ పాస్టరూ అడుగుపెట్టలేని గదుల్లో కూర్చునే మనిషికి ఈ ప్రశ్న చాలా ముఖ్యం. మీ పని ఎవరు చేసినా ఒకటే అనిపిస్తుంటే, పైగా మనుషుల ఆత్మల భారం మిమ్మల్ని నిద్రపోనివ్వకుండా ఉంటే, వెళ్లే వైపు త్రాసు మొగ్గుతుంది. మార్టిన్ లూథర్ సన్యాసులకే పిలుపు అన్న ఆలోచనను కొట్టిపారేసి, చెప్పులు కుట్టేవాడికీ పిల్లల్ని పెంచే తల్లికీ వాళ్ల పనే దేవుడిచ్చిన పిలుపు అన్నాడు. ఉద్యోగంలో ఉండిపోయే మీ అక్కనో అన్ననో "వెనుకంజ వేశారు" అనేవాళ్లు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలి.

సంపాదించుకుంటూ సేవ చేయడం

పౌలు కొరింథులో అకుల, ప్రిస్కిల్లల ఇంట్లో ఉండి వాళ్లతో కలిసి డేరాలు కుట్టాడు. అదే అధ్యాయం ఇంకో రెండు వచనాలు చదివితే, సీల, తిమోతి మాసిదోనియ నుంచి వచ్చాక ఆయన వాక్యం బోధించడంలోనే పూర్తిగా మునిగిపోయాడని ఉంటుంది. ఫిలిప్పీ సంఘం తనకు సాయం పంపిన సంగతి ఆయనే వేరే చోట రాశాడు. సువార్త ప్రకటించేవాళ్లు దానివల్లనే బతకవచ్చని కొరింథీయులకు రాసిందీ ఆయనే, తాను ఆ హక్కు వాడుకోలేదని అదే చోట చెప్పిందీ ఆయనే. డేరా పని అంటే విశ్వాసం చాలనివాడి దారి అనుకునేవాళ్లకు ఇంతకంటే జవాబు అక్కర్లేదు. ఆయన కాలాన్ని బట్టీ ఊరిని బట్టీ దారి మార్చుకున్నాడు.

మిషనరీ విలియం కేరీ ఇంగ్లండులో ఉన్నప్పుడు జోళ్లు కుట్టే పనివాడు, ఊరిబడి మాస్టారు, సంఘ కాపరి, అన్నీ ఒకేసారి. బెంగాల్ వచ్చాక 1794 నుంచి నీలిమందు ఫ్యాక్టరీ చూసుకుంటూ భాషలు నేర్చుకున్నాడు, బైబిలు అనువాదం చేశాడు. 1801 నుంచి ఫోర్ట్ విలియం కాలేజీలో భాషలు బోధించి, ఆ జీతంలో చాలా భాగం మిషన్‌కే పోశాడు.

ఈ దారిలో లాభాలు పైకే కనిపిస్తాయి. ఇల్లు గడుస్తుంది, చిన్న సంఘం మీద భారం పడదు, కానుకలు ఇచ్చేవాళ్ల మొహం చూసి ప్రసంగం మార్చుకోవాల్సిన అగత్యం రాదు. ఇబ్బందులు మాత్రం కొన్నాళ్లకు గానీ బయటపడవు. శనివారం రాత్రి పది దాటాక బైబిలు తెరిస్తే, ఆఫీసులో మిగిలిపోయిన మెయిల్ తలలో తిరుగుతూ ఉంటుంది. ఆదివారం ఆరాధన అయ్యాక అందరితో మాట్లాడి ఇంటికి వచ్చేసరికి పిల్లలు నిద్రపోయి ఉంటారు, సోమవారం మళ్లీ ఆఫీసు. "రెండు పడవల మీద కాళ్లు పెట్టావు" అని రెండు వైపుల వాళ్లూ అంటారు. ఇందులో నిలబడాలంటే రెండు పనులు తప్పవు. ఒకటి, సేవకు ఇచ్చే గంటలు ఎవరి దగ్గర నుంచి తీసుకుంటున్నారో నిజాయితీగా రాసుకోవాలి. ఆఫీసు సమయంలో ప్రసంగం సిద్ధం చేయడం యజమాని సొమ్ము తీసుకోవడమే. భార్యకో భర్తకో దక్కాల్సిన ఒక్క సాయంత్రాన్ని కూడా తీసేసుకోవడం దానికంటే తక్కువ తప్పేమీ కాదు. రెండోది, గంటలు కచ్చితంగా తెలిసే ఉద్యోగంలోకి మారాలి. బోధన, షిఫ్టుల నర్సింగ్, సగం రోజు లెక్కల పని, సొంతంగా చేసుకునే చేతిపని సరిపోతాయి. ఎప్పుడు ఫోన్ వస్తుందో తెలియని ఉద్యోగాలు, నెలలో సగం ప్రయాణాలుండే ఉద్యోగాలు ఈ దారికి పొసగవు. జీతం కొంత తగ్గినా మారిపోవడమే మేలు.

పూర్తికాల కాపరిగా వెళ్లడం

అధ్యక్షపదవిని, అంటే సంఘ కాపరి పనిని, ఆశించేవాడు "దొడ్డపనిని" అపేక్షిస్తున్నాడని పౌలు తిమోతికి రాశాడు. ఆశించడంలో తప్పు లేదు. అయితే వారమంతా ఏం చేస్తారో తెలిసి ఆశించాలి. బయటి నుంచి చూసేవాళ్లకు కనిపించేది ఆదివారం ఒక గంట. లోపల మాత్రం విడిపోవాలనుకుంటున్న దంపతులతో అర్ధరాత్రి దాకా మాట్లాడటం, ఒకే రోజు పొద్దున భూస్థాపన, సాయంత్రం పెళ్లి, గాయక బృందంలో ఇద్దరి మధ్య మాటల్లేకపోతే ఇద్దరి ఇళ్లకూ వెళ్లడం, కప్పు కారితే మేస్త్రీని పిలవడం, ఎవరికీ చెప్పుకోలేని రహస్యాలు మోయడం, ఇవన్నీ అయ్యాక ఆదివారానికి కొత్త మాట తేవడం ఉంటాయి.

వృత్తి జీవితం నుంచి వచ్చినవాళ్లకు ఇక్కడ ఒక బలం ఉంది, సోమవారం పొద్దున విశ్వాసి ఎలాంటి ఒత్తిడిలోకి అడుగుపెడతాడో వాళ్లకు అనుభవం. లండన్‌లో పేరున్న వైద్యుడి దగ్గర పనిచేస్తూ మంచి భవిష్యత్తు ఉన్న మార్టిన్ లాయిడ్-జోన్స్ 1927లో వైద్యం వదిలి వేల్స్‌లోని ఆబరావన్‌లో కార్మికుల మధ్య సంఘ కాపరి అయ్యాడు. రోగం లక్షణాల వెనక అసలు కారణం వెదికే వైద్యుడి అలవాటు ఆయన ప్రసంగాల్లోనూ కనిపిస్తుంది. కష్టమూ ఉంది. ఆఫీసులో పని అయిందో లేదో సాయంత్రానికి తెలిసేది, ఇక్కడ ఏళ్లు గడిచినా తెలియదు. మొన్నటిదాకా పదిమంది సలహా అడిగిన మనిషికి ఇక్కడ అందరికంటే చిన్న జీతం, చిన్న ఇల్లు. సంఘాన్ని కంపెనీలా నడపాలన్న ఆత్రం కూడా ఎక్కువగా వీళ్లకే వస్తుంది. కొత్తగా చేరినవాడికి అధ్యక్షపదవి ఇవ్వొద్దని, వాడు గర్వాంధుడవుతాడని తిమోతికి ఇచ్చిన హెచ్చరిక పెద్ద హోదా నుంచి వచ్చినవాళ్లకు ఇంకా ఎక్కువ వర్తిస్తుంది.

ఒప్పుకునే ముందు అడగడానికి మొహమాటపడకండి: జీతమా, కానుకలా? ఇల్లు ఎవరిది? వారంలో సెలవు రోజు ఏది? వృద్ధాప్యంలో ఏమిటి? నేను ఎవరికి జవాబు చెప్పాలి? ఇవి రాతపూర్వకంగా ఉండాలి. "విశ్వాస జీవితంలో లెక్కలేంటి" అని ఎవరైనా అంటే జార్జ్ ముల్లర్‌ను గుర్తుచేయండి. 1830లో నిర్ణీత జీతం వదులుకుని, మనుషుల్ని అడగకుండా ప్రార్థన మీదే ఆధారపడి బ్రిస్టల్‌లో వేలమంది అనాథ పిల్లల్ని పెంచినవాడు ఆయన. వచ్చిన ప్రతి కానుకకూ లెక్క రాసి, ఏటా నివేదిక ప్రచురించేవాడు.

చాప్లెయిన్, సంస్థల్లో పని

జనం ముందు నిలబడి మాట్లాడటం కంటే ఒక మనిషి పక్కన కూర్చోవడం మీకు చేతనైతే ఆసుపత్రి చాప్లెయిన్ పని గురించి తప్పక ఆలోచించండి. అక్కడ ప్రసంగం ఉండదు. ఆపరేషన్‌కు తీసుకెళ్లే ముందు పది నిమిషాలు ఉంటాయి, ఆ మనిషి ఏ మతం వాడైనా, ఏ మతమూ లేకపోయినా. ఈ పనికి శిక్షణ వేరు. 1925లో అమెరికాలోని వూస్టర్ మానసిక ఆసుపత్రిలో ఆంటన్ బోయ్‌సెన్ అనే సేవకుడు, తానే ఒకప్పుడు మానసిక రోగిగా చికిత్స పొందినవాడు, వేదాంత విద్యార్థులను రోగుల మధ్యకు తీసుకొచ్చి నేర్పడం మొదలుపెట్టాడు. అందులోంచి పెరిగిన క్లినికల్ పాస్టోరల్ ఎడ్యుకేషన్‌లో నేడు ఒక యూనిట్ అంటే అక్కడ కనీసం 400 గంటలు. నర్సులు, సామాజిక కార్యకర్తలు, కౌన్సెలర్లు ఈ దారిలో తొందరగా ఇముడుతారు.

లెక్కలు, ఐటీ, వైద్యం, భవన నిర్మాణం తెలిసినవాళ్లకు మిషనరీ సంస్థల్లో, బైబిలు అనువాద పనుల్లో, క్రైస్తవ ఆసుపత్రుల్లో చోటు ఉంటుంది. సేవ అంటే నైపుణ్యాన్ని వదిలేయడం కానక్కర్లేదు. ఆల్బర్ట్ ష్వైట్జర్ అయితే అప్పటికే వేదాంత పండితుడై ఉండి, 30 ఏళ్ల వయసులో 1905లో వైద్యం చదవడం మొదలుపెట్టి, 1913లో గాబన్‌లోని లాంబరెనేకు డాక్టరుగా వెళ్లాడు.

మీ సంఘం నియమాలు ముందే తెలుసుకోండి

క్యాథలిక్ సంఘంలో దారులు స్పష్టంగా రాసి ఉన్నాయి. గురువు (ప్రీస్టు) కావడానికి కనీసం 25 ఏళ్లు నిండాలి, తత్త్వశాస్త్రం, వేదాంతం కలిపి ఆరేళ్ల చదువు, లాటిన్ సంప్రదాయంలో బ్రహ్మచర్యం. పెద్ద వయసులో పిలుపు పొందినవాళ్ల కోసం రోమ్‌లో బేడా కాలేజీ 1852 నుంచి ఉంది. పెళ్లయిన పురుషులకు శాశ్వత డీకన్ (గురువుకు కింది మెట్టులోని అభిషిక్త పరిచారకుడు) దారి ఉంది. 35 ఏళ్లు నిండాలి, భార్య సమ్మతి ఉండాలి, ఉద్యోగం చేసుకుంటూనే కొనసాగవచ్చు. మఠ జీవితంలో అయితే పరీక్ష దారిలోనే ఉంది: కనీసం ఏడాది నవశిష్యత్వం (కొత్తగా చేరినవాళ్ల శిక్షణకాలం), తర్వాత కనీసం మూడేళ్లు తాత్కాలిక మాటపట్టు (వ్రతం), ఆ పైనే శాశ్వత మాటపట్టు. వేరే వృత్తుల నుంచి వచ్చేవాళ్లకు ఈ నెమ్మది గొప్ప మేలు. ఆర్థడాక్స్ సంఘాల్లో పెళ్లయినవాళ్లు గురువులు కావచ్చు గానీ, అభిషేకం తర్వాత పెళ్లి కుదరదు.

స్త్రీలకు ఒక మాట. రోమా పత్రిక 16వ అధ్యాయంలో కెంక్రేయ సంఘ పరిచారకురాలు ఫీబే ఉంది, సేవలో మీ చోటు ఎవరో కొత్తగా కల్పించాల్సింది కాదు. అయినా అభిషేకం విషయంలో సంఘానికీ సంఘానికీ తేడా ఉంది. చర్చ్ ఆఫ్ ఇంగ్లాండ్ 1994 నుంచి స్త్రీలను ప్రీస్టులుగా అభిషేకిస్తోంది. క్యాథలిక్, ఆర్థడాక్స్ సంఘాలు స్త్రీలకు గురుపదవి ఇవ్వవు. సువార్తిక సంఘాలు కొన్ని ఇస్తాయి, కొన్ని ఇవ్వవు. బైబిల్ కాలేజీలో ఏళ్లు పెట్టాక ఈ గోడకు తగులుకోవడం చాలా బాధాకరం. చేరకముందే పెద్దలను సూటిగా అడిగి జవాబు తీసుకోండి.

చదువు: వెళ్లి ఉండటమా, ఇంటి నుంచేనా?

చదువు అక్కర్లేదనుకోవద్దు. మిలాన్ గవర్నరుగా ఉన్న ఆంబ్రోస్‌ను 374లో జనం పట్టుబట్టి బిషప్‌ను చేశారు. అప్పటికి ఆయనకు బాప్తిస్మం కూడా కాలేదు. నేర్చుకోకముందే నేర్పాల్సి వచ్చిందని ఆయనే తర్వాత రాసుకున్నాడు, ఆ లోటు పూడ్చుకోవడానికి జీవితమంతా చదివాడు. తర్వాత గొప్ప వేదాంతిగా పేరుపొందిన అగస్టీన్‌ను 391లో ఉత్తర ఆఫ్రికాలోని హిప్పోలో అలాగే ప్రీస్టును చేస్తే, లేఖనాలు చదువుకోవడానికి గడువు ఇమ్మని బిషప్‌ను వేడుకున్నాడు. ఇగ్నేషియస్ ముప్పై దాటాక బార్సిలోనాలో చిన్న పిల్లల పక్కన కూర్చుని లాటిన్ నేర్చుకున్నాడు.

పూర్తికాల కాపరి కావాలనుకుంటే, కుటుంబం కదలగలిగితే, క్యాంపస్‌లో ఉండి చదవండి. కలిసి ప్రార్థించడం, వాదించుకోవడం, కోపాలు సర్దుకోవడం అక్కడే నేర్చుకుంటారు. సంపాదించుకుంటూ సేవ చేసేవాళ్లకు సాయంత్రపు తరగతులు, దూరవిద్య చాలు, కానీ అనుభవజ్ఞుడైన కాపరి పర్యవేక్షణలో సంఘపు పని కూడా అందులో భాగంగా ఉండాలి. ఆ డిగ్రీని మీ సంఘం గుర్తిస్తుందా అన్నది ఫీజు కట్టకముందే తేల్చుకోండి.

ఇంట్లో వాళ్లు, అప్పులు

భార్య గానీ భర్త గానీ "మీ ఇష్టం" అంటే అది సమ్మతి కాదు. పాస్టరు ఇల్లు ఇద్దరి జీవితం. క్యాథలిక్ నియమం డీకన్ భార్య సమ్మతిని తప్పనిసరి చేయడంలో ఎంతో వివేకం ఉంది, మిగతా సంఘాలూ దాన్ని పాటిస్తే బాగుంటుంది. ఒకరు సిద్ధంగా లేకపోతే ఇంకొకరు ఆగడమే మంచిది, అది పిలుపును తోసిపుచ్చడం కాదు. అప్పుల సంగతి కూడా అంతే. తీర్చలేని అప్పులున్నవారిని నవశిష్యత్వంలోకి తీసుకోవద్దని క్యాథలిక్ ధర్మశాస్త్రం 644వ నియమం చెబుతుంది. ఏ సంఘం వాళ్లకైనా ఇది పనికొచ్చే సలహా. గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని ప్రభువు అడిగింది శిష్యత్వం గురించే. ఇల్లు గడిచే ఖర్చు, పిల్లల చదువు, తల్లిదండ్రుల వైద్యం కాగితం మీద రాసి, కొత్త ఆదాయంతో కొన్ని నెలలు ముందే బతికి చూడండి. మిగిలిన జీతం అప్పు తీర్చడానికి వాడండి.

వెళ్లాలని తేలాక

మధ్యేమార్గం ఒకటి మరచిపోతుంటారు. నెహెమ్యాను రాజు "ఎన్నాళ్లకు తిరిగొస్తావు" అని అడిగాడు, ఆయన కాలం నిర్ణయించి చెప్పాడు. గోడ కట్టి, యూదా దేశాధికారిగా పన్నెండేళ్లు ఉండి, మళ్లీ రాజు దగ్గరకు వెళ్లాడు. మీ ఆఫీసు దీర్ఘ సెలవు ఇస్తే, ఏడాదో రెండేళ్లో ఒక పని మీద వెళ్లి రావడం సిగ్గుపడాల్సింది కాదు. తిరిగి వచ్చినవాళ్లను "ఓడిపోయి వచ్చారు" అని చూసే సంఘం ఆ అలవాటు మార్చుకోవాలి.

ఉద్యోగం పూర్తిగా వదిలేస్తుంటే అగస్టీన్ వదిలిన తీరు చూడండి. 386లో ఆయన మనసు మారినప్పుడు మిలాన్‌లో వక్తృత్వ ఆచార్యుడి పదవిలో ఉన్నాడు. ఆ రోజే వెళ్లి అందరి ముందు రాజీనామా ప్రకటించి ఉండొచ్చు. అలా చేస్తే అందరి కళ్లూ తన మీద పడతాయనుకుని, ద్రాక్షకోత సెలవులు రావడానికి ఉన్న కొద్ది రోజులు ఓపిక పట్టి పాఠాలు చెప్పి, సెలవుల్లో నెమ్మదిగా తప్పుకున్నాడు. మీరూ నోటీసు కాలం పూర్తిగా పనిచేయండి. మీ తర్వాత ఆ కుర్చీలో కూర్చునే మనిషికి ఫైళ్లు అప్పగించి, ఆగిపోయిన పనులేవో రాసి ఇవ్వండి. సహోద్యోగులు ఎందుకు వెళ్తున్నారని అడిగితే రెండు మాటల్లో చెప్పండి, ఉన్న ఉద్యోగాన్ని తక్కువ చేయకుండా. కొత్త చోట చేరేముందు కొన్ని వారాలు ఖాళీ ఉంచుకుని ఆ సమయం ఇంట్లో వాళ్లకు ఇవ్వండి, చేరాక అది దొరకదు.